క్లచ్ సెట్టు మీద కంప్లైంట్ వస్తే ఎలా పరీక్షించాలి: గుడ్డ పెట్టి తుడవక ముందు చూడాల్సినవి

కొత్త క్లచ్ సెట్టు వేసి రెండు నెలలు కాలేదు, బండి మళ్లీ వచ్చింది. "అన్నా, ఎక్సలేటర్ తొక్కితే ఇంజన్ అరుస్తోంది గానీ బండి కదలట్లేదు. మీరిచ్చిన ప్లేటు డూప్లికేటేమో" అని ఓనరు కౌంటరు దగ్గర నిలబడి గట్టిగానే అంటాడు. పక్కన మెకానిక్కు చేతిలో ఆ ప్లేటు ఉంటుంది. అప్పటికే దాన్ని పెట్రోలుతో కడిగి, ఎమెరీ పేపరు కొట్టి, తళతళలాడేలా చేసి తెచ్చి ఉంటాడు. మర్యాదగా తేవాలనే అలా చేస్తాడు. కానీ తప్పు ఎక్కడుందో చెప్పాల్సిన మరకలన్నీ ఆ కడిగిన పెట్రోలులోనే పోయాయి.

విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల పనిలో ఇలాంటి ప్లేట్లు చాలా చూశాను. వాటిలో నిజంగా తయారీ లోపం ఉన్నవి ఉన్నాయి, బిగింపులో తేడా వల్ల పోయినవి ఉన్నాయి, డ్రైవరు కాలి కింద కాలిపోయినవీ ఉన్నాయి. మూడింటినీ విడదీయాలంటే ఒక వరుస పాటించాలి. ఈ పని మొదటిసారి చేసే మెకానిక్కైనా, వారంటీ క్లెయిము చూసే షాపువాళ్లైనా ఈ వరుసలోనే వెళ్లండి.

ముందు ఓనరు మాట, ఓనరు మాటల్లోనే

"క్లచ్ పోయింది" అనేది కంప్లైంటు కాదు. ఏం జరుగుతోందో చెప్పించాలి. క్లచ్ కంప్లైంట్లు ఎన్ని రకాలుగా చెప్పినా చివరికి నాలుగే: జారుతోంది, విడట్లేదు (గేరు పడట్లేదు), వణుకుతోంది, సౌండ్ వస్తోంది. ఓనరు ఏ మాట వాడితే ఆ మాటే జాబ్ కార్డు మీద రాయండి. "పికప్ లేదు" అన్నాడంటే అది క్లచ్ జారడం కావచ్చు, డీజిల్ ఫిల్టర్ కావచ్చు, బ్రేకు పట్టేసి ఉండొచ్చు.

తర్వాత ఇవి అడగండి. మొదటి రోజు నుంచీ ఉందా, కొన్నాళ్లు బాగా నడిచి మొదలైందా? చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? లోడు ఎంత వేస్తున్నారు? నడిపేది ఒకరేనా? వాన నీళ్లలో బండి మునిగిందా, నెలల తరబడి ఆగి ఉందా? క్లచ్ మార్చినప్పుడు ఫ్లైవీల్ (ఇంజన్ చివర తిరిగే బరువైన చక్రం, ప్లేటు ఆనేది దానికే) ముఖం చదును చేయించారా, అంటే ఫేసింగ్ చేయించారా, ఆయిల్ సీళ్లు మార్చారా, రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కితే ముందుకు జరిగి క్లచ్‌ని విడదీసేది) పాతదే పెట్టారా? చివరి ప్రశ్నకి జవాబు ఓనరు దగ్గర ఉండదు, మెకానిక్కునే అడగాలి. నిలదీసినట్టు అడిగితే నిజం రాదు. "తమ్ముడూ, సీల్ పాతదే ఉంచావా, ఏం ఫర్లేదు చెప్పు" అంటే చెప్తాడు.

మొదటి రోజు నుంచీ ఉన్న తేడా అయితే పార్టు మీదా బిగింపు మీదా అనుమానం పెట్టుకోవాలి. ఐదారు వేల కిలోమీటర్లు బాగా తిరిగి ఆ తర్వాత మొదలైతే ఆయిల్, వేడి, అలవాటు ముందు గుర్తుకు రావాలి.

గేర్‌బాక్సు దించే ముందు బండి మీదే పరీక్ష

దించిన తర్వాత కంప్లైంటు మళ్లీ చూద్దామన్నా కుదరదు. అందుకే ఓనరుని పక్కన కూర్చోబెట్టుకుని ఒక రౌండ్ వెళ్లి రండి. అతను చెప్పిన తేడా మీకూ తెలిసేదాకా స్పానర్ పట్టొద్దు.

జారుడుకి: ఇంజన్ వేడెక్కాక, ఖాళీగా ఉన్న చదును రోడ్డు మీద 40 కి.మీ. వేగంలో మూడో గేరో నాలుగో గేరో వేసి ఎక్సలేటర్ పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం ముల్లు ఎగిరిపోయి, స్పీడు అక్కడే ఉంటే జారుతున్నట్టే. రోడ్డు దొరకకపోతే ఇంకో పద్ధతి ఉంది. ముందు ఎవరూ లేకుండా చూసుకుని, హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి, ఫుట్ బ్రేకు కూడా తొక్కి, నాలుగో గేరులో క్లచ్ నెమ్మదిగా వదలండి. మంచి క్లచ్ అయితే ఇంజన్ వెంటనే ఆగిపోతుంది. ఆగకుండా తిరుగుతూనే ఉంటే జారుతోంది. ఈ పరీక్ష ఒక్కసారే చేయండి. నాలుగుసార్లు చేస్తే మీరే ప్లేటు కాల్చి, ఆ కాలిన గుర్తుని తర్వాత మీరే చూసి మోసపోతారు.

విడకపోవడానికి: ఇంజన్ ఐడిల్‌లో పెట్టి క్లచ్ పూర్తిగా తొక్కి ఐదారు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. కర్రుమంటే ప్లేటు ఇంకా తిరుగుతోందన్నమాట. ఇంజన్ ఆపి మళ్లీ అన్ని గేర్లూ వేసి చూడండి. ఆపినప్పుడు సాఫీగా పడి, ఆన్‌లో పడకపోతే క్లచ్ విడట్లేదు. ఆపినా గట్టిగానే ఉంటే గేర్‌బాక్సు, గేర్ కేబుళ్ల వైపు చూడండి. హైడ్రాలిక్ క్లచ్ అయితే పెడల్‌ని గబగబా మూడు నాలుగుసార్లు కొట్టి గేరు వేయండి. అప్పుడు పడితే లైనులో గాలి ఉన్నట్టు, లేదా సిలిండరు లోపల లీకవుతున్నట్టు. ప్లేటుకి సంబంధమే లేదు.

సౌండ్‌కి: న్యూట్రల్‌లో ఐడిల్ మీద వినండి. పెడల్ మీద కాలు పెట్టగానే సౌండ్ మొదలైతే రిలీజ్ బేరింగ్. కాలు తీసినప్పుడు ఉండి, తొక్కగానే ఆగిపోతే గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్. దీనికి క్లచ్ సెట్టు మార్చినా సౌండ్ పోదు, ఓనరు కోపమూ పోదు.

వణుకుకి: మొదటి గేరులో, తర్వాత రివర్స్‌లో నెమ్మదిగా వదిలి చూడండి. ఇంజన్ మౌంటింగులు చిరిగినా బండి అచ్చం క్లచ్ వణుకులాగే వణుకుతుంది. ముందు వాటి కింద లైటు వేసి చూడండి.

ఇక దించకుండానే తేలిపోయేవి కొన్ని ఉంటాయి. పెడల్ కింద చేయి పెట్టి చూడండి. మందపాటి కొత్త మ్యాటు, దాని కింద పాత మ్యాటు, దాని మీద ఇంకో రబ్బరు మ్యాటు వేసి ఉంటే పెడల్ అడుగు దాకా వెళ్లదు, క్లచ్ పూర్తిగా విడదు. గేరు పడట్లేదని గేర్‌బాక్సు దించడానికి జాకీలు పెట్టిన బండిని, మ్యాట్లు తీసి పక్కన పెట్టి, అలాగే ఇంటికి పంపిన రోజు నాకు గుర్తుంది. కేబుల్ బండైతే ఫ్రీ ప్లే, అంటే తొక్కగానే బరువు తగిలేదాకా పెడల్ ఖాళీగా కదిలే దూరం చూడండి. చాలా కార్లలో పెడల్ దగ్గర 10 నుంచి 20 మి.మీ. దాకా ఉంటుంది, మీ బండికి ఎంతో మాన్యువల్ చెప్తుంది. ఫ్రీ ప్లే అసలు లేకపోతే రిలీజ్ బేరింగ్ ఎప్పుడూ ఫింగర్ల మీద (ప్లేటుని ఫ్లైవీల్‌కి అదిమి పట్టే ప్రెషర్ ప్లేటు మధ్యలోని స్ప్రింగు రేకులు) ఆనుకునే ఉంటుంది. డ్రైవరు కాలు తీసినా క్లచ్ సగం తొక్కినట్టే. జారుడు, ఫింగర్ల అరుగుదల, బేరింగ్ సౌండ్, మూడూ అక్కడి నుంచే వస్తాయి.

దించేటప్పుడు

ముక్కుకి మాస్కు కట్టుకోండి. హౌసింగ్ (క్లచ్ చుట్టూ ఉండే డొప్ప) లోపలి దుమ్ముని ఎయిర్ గన్‌తో ఊదకండి. పాత లైనింగుల్లో (ప్లేటు రెండు ముఖాల మీద పట్టు ఇచ్చే పొర) ఆస్‌బెస్టాస్ ఉండేది, ఇప్పుడు లోపల ఉన్నది ఏ కాలపు లైనింగో చూపుకి తెలియదు. ఊదితే మీ ఊపిరితిత్తులకి మంచిది కాదు, పైగా దుమ్ముతో పాటు సాక్ష్యమూ పోతుంది.

ప్రెషర్ ప్లేటు విప్పే ముందు దానికీ ఫ్లైవీల్‌కీ కలిపి ఒక సెంటర్ పంచ్ గుర్తు కొట్టండి. బోల్టులు ఎంత టైట్‌గా ఉన్నాయో వదులు చేస్తూనే చూసుకోండి. ఒకటి చేత్తో వచ్చేలా ఉండి, పక్కది పైపు వేస్తే గానీ రాకపోతే రాసి పెట్టుకోండి. ప్లేటు బయటికి రాగానే ఏ ముఖం ఫ్లైవీల్ వైపుదో మార్కరుతో రాయండి. ఫోన్‌తో రెండు ముఖాలూ, హౌసింగ్ లోపలా, ఫ్లైవీల్ ముఖమూ ఫోటోలు తీయండి. ఇదంతా అయ్యేదాకా గుడ్డ ఎవరి చేతిలోనూ ఉండకూడదు.

ప్లేటు చెప్పే మాట

ఇక్కడ తొందరపడకండి. ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. ఎండలోకి తెచ్చి, ముందు వాసన చూడండి. కాలిన లైనింగు వాసన వేరు, గేర్ ఆయిల్‌లోని గంధకం ఘాటు వేరు. ఇంజన్ ఆయిల్ నల్లగా ఉంటుంది గానీ ఆ ఘాటు ఉండదు. గేర్ ఆయిల్ అయితే ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్, ఇంజన్ ఆయిల్ అయితే క్రాంక్ వెనకాల సీల్. హౌసింగ్ లోపల తడి ఎక్కడి నుంచి కిందికి జారిందో చూస్తే ఈ మాట ఖాయమవుతుంది.

ఒకసారి కూరగాయలు తోలే చిన్న ట్రక్కు ప్లేటు వచ్చింది. నాలుగు వేల కిలోమీటర్లు కూడా తిరగలేదు, జారుడు. అదృష్టం కొద్దీ మెకానిక్కు దాన్ని కడగలేదు. ఫ్లైవీల్ వైపు ముఖం శుభ్రంగా ఉంది. గేర్‌బాక్సు వైపు ముఖం మీద మాత్రం మధ్యలో హబ్ నుంచి అంచు దాకా సన్నటి నల్లటి గీతలు, చిన్నపిల్లలు గీసే సూర్యుడి కిరణాల్లాగా. ఆయిల్ సీల్ లీకయితే తడి ఇలా రాదు, మరక పెద్దగా పరుచుకుంటుంది. హబ్ స్ప్లైన్‌లో (షాఫ్ట్ మీద కూర్చునే పళ్ల గాడి) వేలు పెట్టి తిప్పితే వేలు నిండా గ్రీజు వచ్చింది. "స్ప్లైన్‌కి ఎంత పెట్టావు తమ్ముడూ?" అంటే, "బాగా పట్టించానన్నా, రాసుకుపోకూడదని" అన్నాడు. మనసు పెట్టి చేసిన పనే. కానీ ఇంజన్ వేడికి ఆ గ్రీజు కరిగి, ప్లేటు తిరిగే విసురుకి లైనింగు మీదికి చిమ్మింది. స్ప్లైన్‌కి గ్రీజు పల్చటి పొరగా రాసి, ప్లేటుని షాఫ్ట్ మీద ముందుకీ వెనక్కీ ఒకసారి జరిపి, బయటికి వచ్చినదంతా తుడిచేయాలి. కంపెనీ గ్రీజు వద్దని చెప్పిన హబ్బులకి అదీ అక్కర్లేదు.

అంత కొంచెం గ్రీజుకి క్లచ్ జారిపోతుందా అని ఓనరు అడుగుతాడు. లెక్క చూపించండి. క్లచ్ మోయగలిగే టార్క్ (తిప్పే బలం) అంటే రెండు ముఖాలు, ఘర్షణ గుణకం (లైనింగు పట్టు ఎంతో చెప్పే అంకె), ప్రెషర్ ప్లేటు నొక్కే బలం, సగటు వ్యాసార్థం, ఈ నాలుగింటి గుణకారం. ఉదాహరణకి బయటి వ్యాసం 190 మి.మీ., లోపలిది 130 మి.మీ. ఉన్న ప్లేటు తీసుకుందాం. సగటు వ్యాసార్థం 80 మి.మీ. నొక్కే బలం 4,000 న్యూటన్లు, పొడి లైనింగుకి గుణకం 0.3 అనుకుంటే 192 న్యూటన్ మీటర్లు మోస్తుంది. 110 ఇచ్చే చిన్న ఇంజన్‌కి అది చాలా ఎక్కువే. అదే ప్లేటు ఆయిల్ తగిలి గుణకం 0.1కి పడిపోతే 64 మాత్రమే. ప్లేటు మందం తగ్గలేదు, స్ప్రింగు బలం తగ్గలేదు, అయినా క్లచ్ జారుతుంది.

తర్వాత రంగు చూడండి. ప్రెషర్ ప్లేటు ముఖం నీలంగా మారి, సన్నటి చీలికలు వచ్చి ఉంటే బాగా కాలింది. హాఫ్ క్లచ్ మీద ఎత్తు ఎక్కించడం, ట్రాఫిక్‌లో బ్రేకుకి బదులు క్లచ్‌తో బండిని ఆపి ఉంచడం, పెడల్ మీద కాలు పెట్టుకునే నడపడం, ఓవర్ లోడు, ఫ్రీ ప్లే లేకపోవడం, అన్నిటికీ ఇదే రంగు. కాబట్టి నీలం కనిపించగానే "డ్రైవర్ తప్పు" అని రాసేయకండి. ఫ్రీ ప్లే ముందే కొలిచారు కదా, ఆ అంకెతో కలిపి చూడండి.

లైనింగు ముక్కలు ముక్కలుగా పగిలి ఎగిరిపోయిందా? ఓనరుకి ఇది అచ్చంగా నాసిరకం సరుకులాగే కనిపిస్తుంది. కాలిన గుర్తు ఏమీ లేకుండా పగిలితే ఒక విషయం అడగండి, ఘాట్ రోడ్డు ఏమైనా దిగారా అని. తిరుమల నుంచో శ్రీశైలం నుంచో దిగుతూ కింది గేరులో క్లచ్ తొక్కిపెట్టి బండిని జారనిస్తే, ఇంజన్ ఐడిల్‌లోనే ఉంటుంది గానీ చక్రాలు గేర్‌బాక్సు ద్వారా ప్లేటుని తిప్పుతూనే ఉంటాయి. మొదటి గేరు నిష్పత్తి 4, ఫైనల్ డ్రైవ్ 4.5, టైరు చుట్టుకొలత 1.8 మీటర్లు ఉన్న లోడు బండి 60 కి.మీ. వేగంలో ఉంటే ప్లేటు నిమిషానికి సుమారు 10,000 చుట్లు తిరుగుతుంది. ఆ విసురుకి లైనింగు తట్టుకోలేక పగిలిపోతుంది. పై గేరు నుంచి పొరపాటున కింది గేరు పడినా ఇదే జరుగుతుంది.

డ్యాంపర్ స్ప్రింగుల (ప్లేటు మధ్యలో కుదుపు తగ్గించేవి) బయటి అంచుల మీద గుండ్రంగా గీరుకున్న గుర్తులుంటే ప్లేటు తిరగేసి బిగించారు, ఫ్లైవీల్ బోల్టులు తగిలాయి. స్ప్లైన్ పళ్లు ఒక వైపే అరిగినా, హబ్ చుట్టూ రేకు చీలినా, గేర్‌బాక్సు ఎక్కించేటప్పుడు దాని బరువంతా ప్లేటు మీద వేలాడి ఉండొచ్చు. ప్లేటు ఊపితే చిన్న స్ప్రింగులు గలగలమంటే మాత్రం కంగారు పడకండి. ఐడిల్ కోసం పెట్టిన చిన్న స్ప్రింగులు చాలా కొత్త ప్లేట్లలోనూ చేతిలో అలాగే కదులుతాయి. ఈ గలగల విని వెనక్కి పంపిన మంచి ప్లేట్లు ఎన్నో.

ఇప్పుడు కొలతలు

వెర్నియర్ (లోతు, మందం కొలిచేది), డయల్ గేజ్ (ఊగుడు చూపేది), ఫీలర్ గేజ్ (సందు కొలిచేది), స్ట్రెయిట్ ఎడ్జ్ (వంపు లేని పట్టీ) ఉంటే చాలు. మాన్యువల్‌లో ఉన్న అంకెదే చివరి మాట. కింద చెప్పినవి చాలా కార్లకి దగ్గరగా ఉండే హద్దులు.

రివెట్టు తల నుంచి లైనింగు పైభాగం దాకా లోతు కొలవండి. నాలుగు చోట్ల కొలిచి అన్నిటికంటే తక్కువది తీసుకోండి. 0.3 నుంచి 0.5 మి.మీ. కంటే తగ్గితే ప్లేటు అయిపోయినట్టే. కొత్త ప్లేటుకి ఇది ఎంతుందో కూడా రాయండి. వచ్చిన కిలోమీటర్లకి ఈ అరుగుదల న్యాయమా కాదా అనేది ఆ రెండు అంకెల మధ్య తేడాలోనే ఉంటుంది.

ప్లేటుని ఇన్‌పుట్ షాఫ్ట్ మీదో, రెండు సెంటర్ల మధ్య పట్టిన స్ప్లైన్ మాండ్రిల్ (పళ్లున్న కడ్డీ) మీదో ఎక్కించి, అంచు దగ్గర డయల్ గేజ్ పెట్టి నెమ్మదిగా ఒక చుట్టు తిప్పండి. అడ్డంగా ఊగడం (రన్-అవుట్) 0.5 మి.మీ. దాటితే విడకపోవడానికి అదే కారణం కావచ్చు. చేతి నుంచి జారి నేల మీద పడినా ప్లేటు ఇలాగే వంగుతుంది. అందుకే కొత్తది బిగించే ముందు కూడా ఈ పరీక్ష చేయమంటాను, ఐదు నిమిషాల పని.

ప్రెషర్ ప్లేటులో డయాఫ్రం ఫింగర్ల కొనలు ఒకే ఎత్తులో ఉన్నాయా చూడండి. తేడా 0.5 మి.మీ. దాటితే వణుకు, విడకపోవడం రెండూ రావచ్చు. ప్రెషర్ ప్లేటు బయటి కవరు వంగడం వల్లే ఎక్కువగా ఇలా అవుతుంది. బోల్టుల్ని ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించకుండా ఒక వైపు నుంచి ఇంపాక్ట్ గన్‌తో లాగేస్తే కవరు వంగుతుంది. విప్పేటప్పుడు రాసుకున్న బోల్టుల సంగతి ఇక్కడ పనికొస్తుంది. కొనల మీద బేరింగ్ చేసిన గాడి కూడా కొలవండి. 0.6 మి.మీ. లోతు దాటితే మార్చాల్సిందే.

ఫ్లైవీల్‌ని వదిలేయకండి. ముఖం మీద గాళ్లు, నీలం మచ్చలు, స్ట్రెయిట్ ఎడ్జ్ పెడితే కింద వెలుతురు, ఇవన్నీ చూడండి. పాత ఫ్లైవీల్ మీద గట్టిపడిన మచ్చలుంటే కొత్త ప్లేటు మొదటి రోజే వణుకుతుంది. రన్-అవుట్ హద్దు సాధారణంగా 0.1, 0.2 మి.మీ. మధ్య ఉంటుంది. కొన్ని కార్లలో, ముఖ్యంగా డీజిల్‌వాటిలో ఉండే డ్యూయల్ మాస్ ఫ్లైవీల్‌ని (రెండు చక్రాలు, మధ్యలో స్ప్రింగులు ఉండేది) మామూలుదానిలా లేతులో కోయించకండి. దాని ఆట ఎంత ఉండాలో మాన్యువల్ చూసి కొలవండి.

విడకపోవడం మీద ఇంకా తేలకపోతే ప్రెస్ పరీక్ష ఉంది. ఫ్లైవీల్, ప్లేటు, ప్రెషర్ ప్లేటు మూడూ బెంచి మీద సరైన టార్క్‌కి బిగించి, రిలీజ్ బేరింగ్ వ్యాసంలోనే ఉన్న బుష్‌తో హైడ్రాలిక్ ప్రెస్ మీద ఫింగర్లని నొక్కండి. బండిలో బేరింగ్ ఎంత జరుగుతుందో అంతే నొక్కాలి, ఎక్కువ నొక్కితే స్ప్రింగు పాడవుతుంది. అంత నొక్కగానే ప్లేటు చేత్తో స్వేచ్ఛగా తిరిగితే సెట్టు మంచిదే, లోపం పెడల్‌కీ బేరింగ్‌కీ మధ్య ఎక్కడో ఉంది. బుష్ జారితే ముఖానికి తగులుతుంది కాబట్టి ప్రెస్ ముందు నిలబడకుండా పక్కనుంచి చూడండి.

తయారీ లోపమే అని ఎప్పుడు అనాలి

అదే బ్యాచ్ నంబరున్న, సీలు తీయని ఇంకో బాక్సు షాపులో ఉంటే తెరిచి, పై కొలతలన్నీ దానికీ తీయండి. నా అనుభవంలో దీనికంటే గట్టి పరీక్ష లేదు. కొత్తదానిలోనూ ఫింగర్లు ఎగుడుదిగుడుగా ఉంటే, రన్-అవుట్ హద్దు దాటితే, ఇంక మెకానిక్కుని అనాల్సిన పని లేదు. వేడి రంగు ఎక్కడా లేకుండా లైనింగు రివెట్ల దగ్గర ఊడిపోవడం, కొద్ది కిలోమీటర్లకే డ్యాంపర్ స్ప్రింగు విరగడం కూడా ఆ వైపే చూపిస్తాయి. ముందు మాత్రం బాక్సు మీది పార్టు నంబరు ఆ మోడలుకీ ఆ సంవత్సరానికీ సరిపోతుందో లేదో చూడండి. ఒకే పేరున్న కారుకి పెట్రోలు, డీజిల్ సెట్లు వేరు. స్ప్లైన్ పళ్లు కలిశాయని సరిపోయినట్టు కాదు.

లోపం మన సరుకులోనే ఉందని తేలితే ఓనరుకి ముఖం మీదే చెప్పి, మార్చి ఇవ్వండి. తేలనప్పుడు ఇంకా తేలలేదనే చెప్పండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తానని అతను అంటే అది అతని హక్కు. దానికి కోపం తెచ్చుకోవద్దు, మీ ఫోటోలూ కొలతలూ అక్కడా పనికొస్తాయి.

రిపోర్టు ఒక పేజీ చాలు. పైన ఓనరు చెప్పిన మాట, దాని కింద రోడ్డు మీద మీకు కనిపించింది, ఫ్రీ ప్లే, బోల్టుల సంగతి, కొలతలు, ఫోటోలు, చివర్లో మీ అభిప్రాయం. అభిప్రాయాన్ని కొలతల మధ్యలో కలపకండి. ప్లేటుని కడగకుండా మందపాటి ప్లాస్టిక్ కవరులో పెట్టి, బండి నంబరు, కిలోమీటర్లు, దించిన తేదీ, ఫ్లైవీల్ వైపు ఏదో రాసిన చీటీ కట్టండి. పాత న్యూస్‌పేపర్లో మాత్రం చుట్టకండి. కంపెనీ ఇంజనీరు వచ్చేలోపు పేపరు ఆయిల్‌ని పీల్చేస్తుంది, ఆయన చేతికి పొడి ప్లేటు వెళ్తుంది.